డిష్షు వెనక పేరు

అయినా ఆ గడిలో టిక్కు పెట్టేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణమైనా ఆగిందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఆగిందనే గుర్తు. కానీ గుర్తు మన తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చిన చుట్టం లాంటిది, దాన్ని పూర్తిగా నమ్మలేం. బిట్ పేపర్లో జవాబు తెలియనప్పుడు 'ఎ' పెట్టమని మా బళ్లో ఎవరూ నేర్పలేదు, అయినా అందరం పెట్టేవాళ్లం. ఖాళీ వదిలితే తెలియదని బయటపడుతుంది. 'ఎ' పెడితే కనీసం ఏదో ఆలోచించినట్టు ఉంటుంది. ఎనిమిదో తరగతిలో ఉండగా వినుకొండలో ఒక టీవీల కొట్లో, అమ్మ కొంటున్న డిష్షు తాలూకు ఫారం మీద నేను పెట్టింది అలాంటి 'ఎ'. పదిహేనేళ్లు దాని సంగతి ఎవరూ అడగలేదు. ఈ ఏడు మిరప కోతల్లో అడిగారు.

ఆ రోజు ఫిబ్రవరి రెండో శనివారం, నాకు సెలవు. అమ్మకు అన్నం తీసుకుని మిరప రైతు యలమందయ్య గారి కళ్లానికి వెళ్లాను. కళ్లమంతా కాయ ఆరబోసి ఉంది. అమ్మ ముఠాలోని ఆడవాళ్లు పన్నెండు మంది ముక్కులకు గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. తాలంటే తెల్లబారిన కాయ. ఎర్ర కాయల్లో అది కలిస్తే సరుకు విలువ పోతుంది. అమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకోదు, చేతులకేసి చూడదు కూడా. ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటుంది, తెల్ల కాయ మాత్రం దానంతటదే పక్క కుప్పలోకి ఎగిరి పడుతుంది. యలమందయ్య గారు ఎవరి మీదైనా అరుస్తాడు గానీ అమ్మ ఏరిన కుప్పను మళ్లీ తిరగేసి చూడడు. మా ఊళ్లో ఒక మేస్త్రికి దక్కగల మర్యాద అది.

బండి మీద వచ్చిన మనిషి కళ్లం అంచున ఆగి తుమ్మడం మొదలుపెట్టాడు. మిరప ఘాటు కొత్తవాళ్లను అలాగే పలకరిస్తుంది. ఏడో తుమ్ము దాకా ముఠా అంతా లెక్కపెట్టి నవ్వింది. కళ్లు తుడుచుకుని పేరు చెప్పాడు. షఫీక్. డిష్షు కంపెనీ తరఫున నరసరావుపేట నుంచి వచ్చాడు. ఫోనులో జాబితా ఉంది. అద్దెకిచ్చిన డిష్షులు, సెట్ టాప్ డబ్బాలు వరసగా ఆరు నెలలు రీచార్జి లేకుండా ఉంటే వెనక్కి తీసుకోవాలని కంపెనీ కొత్తగా రూలు పెట్టిందట. సొంతానికి కొన్నవాళ్ల జోలికి పోరట.

ఆరు నెలలేమిటి, మా ఇంట్లో ఏడాదికి ఎనిమిది నెలలు రీచార్జి ఉండదు. కోతలు మొదలైన వారం చేయిస్తాం. ఏప్రిల్లో కళ్లాలు ఎత్తేశాక ఆగిపోతుంది. ఆ నాలుగు నెలలూ పొద్దుగూకే వేళకు ముఠా ఆడవాళ్లు మా వరండాలోకి చేరతారు. చేతుల మంటకు కొబ్బరినూనె రాసుకుంటూ టీవీ చూస్తారు. మిగతా నెలల్లో అందరూ ఫోన్లలో చూసుకుంటారు, టీవీ డబ్బా మీద గుడ్డ కప్పి ఉంటుంది. అలా ఆపడం తప్పని ఎవరికీ తోచలేదు. మన చేటను మనం వానాకాలంలో గోడకు తగిలిస్తే ఎవరైనా వచ్చి పట్టుకుపోతారా?

"సంతోషకుమారి అంటే మీరేనా అమ్మా?" అన్నాడు షఫీక్. "మీ డిష్షు అద్దెదని చూపిస్తోంది."

అమ్మ ఏరడం ఆపలేదు. "ఎవరిదన్నావు?"

"కంపెనీదమ్మా."

"కంపెనీ పేరేంది నాయనా, సంతోషకుమారా?"

ముఠా పగలబడి నవ్వింది. అతనికి అర్థం కాలేదు. అమ్మే చెప్పింది. "మా ఇంటి మీదికెక్కి డిష్షు వెనక్కి చూసిరా. ఏం కొట్టుందో చదువుకుని రా."

అక్కడ నిజంగానే అమ్మ పేరు ఉంది. దాని కథ ఇంతే. ఆ రోజు కొట్లో డిష్షు చేతికివ్వగానే అమ్మ దాన్ని చంకన పెట్టుకుని ఎదురుగా ఉన్న స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్లింది. గిన్నె కొన్నా బిందె కొన్నా పేరు కొట్టించకుండా ఇంటికి తేకూడదన్నది మా వాళ్ల పద్ధతి. పెళ్లిళ్లలో, ప్రార్థన కూడికల భోజనాల్లో పది ఇళ్ల గిన్నెలు కలిసిపోతాయి. తెల్లారి పేర్లు చూసి ఎవరివి వాళ్లకు చేరుస్తారు. ఇంకొకరి పేరున్న గిన్నె ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. డిష్షు కూడా గుండ్రంగా లోతుగా ఉండే ఇనప సామానే కదా. పేర్లు కొట్టేవాడు మొదట నవ్వాడు, తరవాత మిషను ఆన్ చేశాడు. బూడిదరంగు పెయింటు మీద చిన్న చిన్న మెరుపు చుక్కలుగా 'సంతోషకుమారి' అని వచ్చింది. మామూలుగా కింద మొగుడి పేరు కూడా వేస్తారు. వెయ్యమంటావా అని వాడు అడిగాడు. నేను కోసిన కాయతో కొన్నాను, నా పేరు చాలు అంది అమ్మ. అప్పుడు తిరిగి టీవీల కొట్టుకు వచ్చి ఫారం నా ముందు పెట్టింది.

కొట్లో ఆ వేళ చాలామంది ఉన్నారు. ఎవరికీ ఇంగ్లీషు ఫారం నింపడం రాదు, కొట్టు కుర్రాళ్లు పనిలో ఉన్నారు. "మా అమ్మాయి రాసిద్ది," అంది అమ్మ, అందరికీ వినబడేలా. జనం జరిగి నాకు చోటిచ్చారు. నాకు పెన్ను ఇచ్చారు. నా జీవితంలో అంతకుముందు ఎవరూ నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టలేదు. రెండు చిన్న గళ్లు, వాటి పక్కన రెండు ఇంగ్లీషు మాటలు. రెండూ నాకు తెలియవు. వీటి అర్థం ఏమిటని అడిగితే ఆ కుర్చీ పోతుంది. మొదటి గడిలో టిక్కు పెట్టాను. ఇంటర్లో ఉండగా ఎక్కడో ఆ మాట మళ్లీ ఎదురైంది. అర్థం తెలిసింది. అద్దెకు. ఆ పూట అన్నం తినలేదని గుర్తు. అమ్మకు మాత్రం చెప్పలేదు.

కళ్లంలో షఫీక్ ఓపిగ్గానే మాట్లాడాడు. పేరు కొట్టించినంత మాత్రాన సొంతం కాదని, కొన్నప్పటి ఫారంలో అద్దెకని ఉండబట్టే జాబితాలోకి వచ్చిందని చెప్పాడు.

"ఆ ఫారం మా అమ్మాయే నింపింది," అంది అమ్మ. అప్పుడు చేతులు ఆపింది. "అదుగో, అక్కడుంది. ఎనిమిదో క్లాసులోనే ఇంగ్లీషులో నింపింది. ఇప్పుడు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిద్ది. దానికి తెలీకుండా అద్దెకని ఎట్టా రాసిద్ది?"

పన్నెండు ముఖాలు నా వైపు తిరిగాయి. షఫీక్ కూడా నన్ను చూశాడు. నేను క్యారియర్ మూత బిగిస్తున్నాను. అది బిగిసే ఉంది.

"వచ్చే నెలాఖరుకు ఆ ఫారం ప్రింటు తీసి తెస్తానమ్మా," అన్నాడు అతను. "సొంతమని ఉంటే దండం పెట్టి పోతాను."

"అద్దెకని ఉంటే నేనే ఊడదీసి నీ చేతిలో పెడతా," అంది అమ్మ. "ఇంతమందిలో చెప్తన్నా."

యలమందయ్య గారు నులకమంచం మీంచి, సంతోషకుమారి మాటంటే కాటా మీద రాయి అన్నాడు. ముఠా తలలూపింది. అమ్మ మళ్లీ తాలు ఏరడంలో పడింది. ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదని చెబితే ఎవరూ నమ్మరు. గర్వం. ఈ మనిషి మా అమ్మ అన్న గర్వం. భయం దాని వెనకే నిలబడి తన వంతు కోసం చూస్తోంది.

ఇంటికి వెళ్లాక అమ్మ బైబిలు తీసి, కీర్తనల మధ్య దాచిన రసీదు బయటికి లాగింది. దాని మీద ఒక్క అక్షరం లేదు. మిషనులో అచ్చయిన రసీదు కదా, ఏళ్ల తరబడి వెలిసి తెల్లకాగితం అయిపోయింది. అమ్మ దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పింది. "మొత్తం కట్టాను, ఇందులోనే ఉండేది," అంది. ఆ కొట్టు మూతపడి చాలా కాలమైంది, అడగడానికి మనిషి లేడు. మా నాన్న జయరావు దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పని చేస్తాడు, పదిహేను రోజులకోసారి వస్తాడు. ఆ ఆదివారం వచ్చి సంగతి విని, డిష్షు మీద తన పేరు కూడా వేయించి ఉంటే ఈ గొడవ తనదీ అయ్యేది కదా, దేవుడు దయగలవాడు అన్నాడు. అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ, ఇప్పుడు చెప్పేస్తే ఇదే నవ్వులో కలిసిపోతుందని కూడా అనుకున్నాను. అనుకోవడం పూర్తయ్యేసరికి నవ్వు అయిపోయింది.

మార్చి మొదటి వారంలో బళ్లో పరీక్ష పెట్టాను. పేపర్లు దిద్దుతుంటే తేజశ్రీ అనే పిల్ల జవాబులు వరసగా కనబడ్డాయి. ఎ, ఎ, ఎ, ఎ. పది బిట్లకు పది 'ఎ'లు. గుండ్రంగా, అందంగా, ఏ తొందరా లేకుండా రాసినవి. చాలాసేపు ఆ పేపరు మీద మార్కు వెయ్యలేకపోయాను. ఆ పిల్లను పిలిచి అడుగుదామనుకున్నాను. ఏమని అడగను?

మరునాడు పూట సెలవు పెట్టి నరసరావుపేట వెళ్లాను. కంపెనీ ఆఫీసంటే మెట్ల కింద ఒక గది. షఫీక్ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. కంప్యూటర్లో ఫారం మొదటి పేజీ తెరిచాడు. నా చేతిరాత. పదమూడేళ్ల నేను అక్షరాలను ఎంత శ్రద్ధగా గళ్లలో కూర్చోబెట్టానో. టిక్కు చివర చిన్న వంపు. ఇవాళ్టికీ పిల్లల నోటు పుస్తకాల్లో నేను పెట్టే టిక్కు చివర అదే వంపు ఉంటుంది. ఇంకేమీ చూడలేదు. రెండో పేజీ ఉందని కింద అంకె చెబుతూనే ఉంది, నేను అడగలేదు. దోషికి తన దోషం దొరికాక మిగతా కాగితం అక్కర్లేదనుకుంటాను.

షఫీక్ నా ముఖం చూసి కొంత గ్రహించినట్టున్నాడు. గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. ఒక మార్పిడి కాగితం ఉంది. దాని మీద సంతకం పెడితే పాత డిష్షు, డబ్బా తీసుకుని కొత్తవి బిగిస్తారు, అవీ అద్దెవే. "పాతది పాడైందని కంపెనీ వాళ్లే మార్చారని చెప్పుకోవచ్చు మేడమ్. అమ్మగారికి ఫారం సంగతి తెలియనక్కర్లేదు." దయగా అన్నాడు. ఆ కాగితం మడిచి బ్యాగులో వేసుకున్నాను.

తరవాతి మూడు వారాలు ఆ కాగితం నాతో బస్సెక్కింది, బడికి వచ్చింది, నాతోనే ఇంటికి తిరిగి వచ్చింది. సంతకం పెడితే అమ్మ మాట నిలుస్తుంది, నా కుర్చీ నిలుస్తుంది, టీవీ ఆగదు. పోయేది పైన ఎవరికీ కనబడని ఒక పేరు మాత్రమే. రోజూ ఇలాగే తర్కించుకునేదాన్ని. సాయంత్రం మా సందు మలుపు తిరిగేసరికి పడమటి ఎండ డిష్షు వెనక పడి ఆ చుక్కలు మెరిసేవి. పెయింటు ఊడి ఇనుముకు తుప్పు పట్టినా, చుక్కల చుట్టూ మాత్రం మెరుస్తూనే ఉంది. అమ్మే ఏటా కోతల ముందు నిచ్చెన వేసుకుని కొబ్బరినూనెతో ఆ పేరు తుడుస్తుందని అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఎందుకని ఎప్పుడూ ఆలోచించలేదు.

నెలాఖరు ఆదివారం ప్రార్థన అయ్యాక ముఠా మళ్లీ కళ్లానికి చేరింది. అది ఆఖరి ఏరుడు. షఫీక్ ఈసారి ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చాడు. బండికి పానాల సంచి వేలాడుతోంది. కాగితాలు అమ్మకు ఇవ్వబోయాడు. అమ్మ మిరప కారం చేతులు పైకెత్తి చూపించి, నా వైపు గడ్డం తిప్పింది.

"చదువమ్మాయ్. అందరికీ వినబడేలా, తెలుగులో."

కాగితం నా చేతికొచ్చింది. షఫీక్ నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. నేను ఏం చదివినా అతను కాదనడని తెలిసింది. అక్కడ ఇంగ్లీషు వచ్చినవాళ్లం మేమిద్దరమే. అతను నాకు దారి వదిలాడు.

పేరు చదివాను. ఊరు చదివాను. తేదీ చదివాను. తరవాతి వరసకు వచ్చి, "ఇక్కడ రెండు గళ్లున్నాయి," అన్నాను. "ఒకటి అద్దెకు. రెండోది సొంతానికి. టిక్కు అద్దెకు అన్న గడిలో ఉంది. ఆ టిక్కు నేను పెట్టాను. ఆ మాటలు నాకప్పుడు తెలియవు. తెలియదని చెప్పలేక పెట్టాను."

గురవమ్మ, అమ్మకు పక్క వరసలో కూర్చునే మనిషి, చేతిలోని కాయను కుప్పలో వెయ్యకుండా అలాగే పట్టుకుంది. అమ్మ నన్ను చూడలేదు. ఎదుట ఉన్న కాయల్లోంచి ఒక తాలు తీసి పక్కకు వేసింది. ఇంకొకటి తీసింది.

"ఎనిమిదో క్లాసు కదా అప్పుడు?" అంది.

"అవును."

మూడో కాయ వేసింది. "ఆ కాగితం వెనక కూడా ఏదో ఉన్నట్టుందే. అదీ చదువు."

తిప్పాను. రెండో పేజీ. ఇచ్చిన సామాన్ల పట్టీ. డబ్బా, దాని నంబరు. రిమోటు, దాని నంబరు. మూడోది డిష్షు. నంబరు వెయ్యవలసిన చోట పన్నెండు గళ్లు. వాటిలో నా పదమూడేళ్ల చేతిరాతలో, గడికొక్క పెద్ద అక్షరం చొప్పున, ఇంగ్లీషులో సంతోషకుమారి అని ఉంది. పన్నెండు గళ్లు చాలక ఆఖరి మూడు అక్షరాలు గీత దాటి బయట కూర్చున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. డిష్షు మీద ఏముందో చూసి ఈ గళ్లలో వెయ్యి అన్నాడు కొట్టు కుర్రాడు. డిష్షు తిప్పి చూశాను. నంబరు ఎక్కడా లేదు. ఉన్నదొక్కటే. అది వేశాను. దాని మీదే కంపెనీ స్టాంపు గుండ్రంగా, నీలంగా పడింది.

అది కూడా చదివాను.

షఫీక్ వచ్చి నా భుజం మీంచి చూశాడు. రుమాలు కిందికి లాగి నవ్వాడు. యలమందయ్య గారు మంచం దిగి వచ్చాడు. "స్టాంపు ఎవరిదయ్యా?"

"మాదేనండి."

"మరి?"

షఫీక్ ఫోను తీసి జాబితాలో ఏదో వెతికి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "నంబరున్నవే తీసుకురమ్మన్నారు నన్ను," అన్నాడు అమ్మతో. "డబ్బాకు నంబరుంది, రిమోటుకుంది. డిష్షుకు నంబరు లేదు. పేరుంది. పేరున్నది నేను ముట్టుకోనమ్మా."

అప్పటికి గురవమ్మ చేతిలో కాయ కుప్పలో పడింది. "ఏమే సంతోషా, కంపెనీ నీదేనంటగా. మాకు బోనసు లేదా?" అంది. ముఠా ఘొల్లుమంది.

అమ్మ మాత్రం లేచి చేతులు కడుక్కుంది. ఇంటికి నడిచి, మిగతా నెలల్లో డబ్బా మీద కప్పే గుడ్డ తీసి, దానితోనే డబ్బానూ రిమోటునూ శుభ్రంగా తుడిచి, తీగ చుట్టచుట్టి షఫీక్ చేతిలో పెట్టింది. ఈ పూట వద్దు, కళ్లాలు ఎత్తేశాక వచ్చి తీసుకెళతానని అతను రెండుసార్లు అన్నాడు. "మీది మీకు చేరాల," అంది అమ్మ. గిన్నె తిరిగి ఇచ్చినట్టే ఇచ్చింది. ఆ సాయంత్రం ముఠా వచ్చి వరండాలో కూర్చుని, చేతులకు నూనె రాసుకుంటూ, టీవీ లేకుండానే ఆ రోజు సంగతి మళ్లీ మొదటి తుమ్ము నుంచి చెప్పుకుంది.

అందరూ వెళ్లాక అమ్మ అంది. "ఆ రోజు కొట్లో నువ్వు రాస్తంటే నేను ఫారం చూళ్లా. చుట్టూ ఉన్నోళ్ల మొహాలు చూశా."

"తెలియదని అప్పుడే చెప్పి ఉంటే?"

కాసేపు నిజంగానే ఆలోచించింది. "ఇంటికొచ్చాక కొట్టేదాన్నేమో." తరవాత, "ఇప్పుడైతే కొట్టనులే. తెలీనియ్యి ఇంకేమన్నా ఉంటే చెప్పు," అంది.

బ్యాగులోంచి మార్పిడి కాగితం తీసి చూపించాను. అదేమిటో అంతా చెప్పాను. అమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి, కాలు కుంటే స్టూలు కింద వేసి, స్టూలు కదిపి చూసింది. కదల్లేదు.

ఏప్రిల్లో కళ్లాలు ఎత్తేశాక ఇద్దరం వినుకొండ వెళ్లాం. అమ్మకు కొత్త డబ్బా కావాలి, సొంతానికి. కొట్టతను డబ్బా బల్ల మీద పెట్టి ఫారం నా వైపు జరిపాడు. సొంతానికి అన్న గడిలో టిక్కు పెట్టాను. అమ్మ పేరు రాశాను. ఫారం తిప్పి వెనక వైపు కూడా చదివాను. కింద సంతకానికి పైన, సన్నటి అక్షరాల్లో ఇంకొక వరస ఉంది, దాని చివర ఇంకొక చిన్న గడి. మూడు పొడి అక్షరాలు, ఒక అంకె. దేనికో తెలియలేదు. మా వెనక నలుగురైదుగురు నిలబడి ఉన్నారు.

"టీచరు గారు కదండీ, మీకు తెలియందేముంది. టిక్కు పెట్టి సంతకం చేసెయ్యండి," అన్నాడు కొట్టతను.

అమ్మ నా పక్కనే ఉంది. ఈసారి చుట్టూ ఉన్నవాళ్లను చూడటం లేదు, నా చేతిని చూస్తోంది. పెన్ను గడి మీదికి వెళ్లింది. ఆగింది. ఆగిందని ఈసారి నాకు స్పష్టంగా తెలుసు.

పెన్ను బల్ల మీద పెట్టాను.

"ఈ గడి దేనికో నాకు తెలియదండీ," అన్నాను, వెనకవాళ్లకు కూడా వినబడేలా. "చెప్పండి."